వదిన చచ్చిపోయే ఎపిసోడ్

మా వదిన అంతరిక్షంలో చనిపోవలసిన రోజు పొద్దున్నే నాకు ఫోన్ చేసి, టిఫిన్ తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను.

"అయితే ఇంక నోరు మూసుకో. నేను పోయేదాకా తెరవకు," అంది.

వదిన అంటే మా ఆయనకు పెదనాన్న కూతురు. ఉత్త బంధుత్వమే అయితే ఆ మాటకు నేనూ ఒకటి అనేదాన్ని. కానీ ఆవిడ కథకురాలు, నేను ఆవిడకు వంత. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి పాతికేళ్ళకు పైగా బంటుమిల్లి నుంచి అవనిగడ్డ దాకా తిరునాళ్ళలో, కొలుపుల్లో కలిసి బుర్రకథ చెప్పాం. ఈ కాలంలో బుర్రకథ చూడనివాళ్ళే ఎక్కువ కాబట్టి చెబుతున్నాను. మధ్యలో తంబురా భుజాన వేసుకుని కథ చెప్పే మనిషి ఒకరు, అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ వంత పాడేవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు లోకంలో జరిగే అన్యాయాలు, రాజకీయాలు మాట్లాడతారు. రెండోవారిది హాస్యం. కథకురాలు మాట ఆపగానే "ఆఁ" అనాలి, "తర్వాత?" అనాలి, శోకం ముదిరి జనం చాపలు దులుపుకునే చోట ఏదో ఒక తిక్క ప్రశ్న వేసి వాళ్ళను కూర్చోబెట్టాలి. రాజకీయం మా చిన్నమావయ్యది. ఆయన పోయాక మేళం కూడా ఆయనతోనే పోయింది. హాస్యం నాది.

అలాంటి మేము అంతరిక్షంలోకి ఎలా వెళ్ళామంటే, గుడివాడ అమ్మాయి ఒకావిడ తీసుకెళ్ళింది. ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఉద్యోగం చేసి, అది నచ్చక మానేసి వచ్చిందట. వాళ్ళ నాన్నగారికి బందరులో హార్బరుకు వెళ్ళే దారిలో మూతబడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాన్ని చూస్తే ఎవరికైనా గోడౌను చేద్దామనిపిస్తుంది. ఆవిడకు అంతరిక్ష ఓడ అనిపించింది. దాని మీద ఒక సీరియల్ రాసి, తనే డైరెక్టరమ్మ అయింది. ఒక చిన్న టీవీ ఛానెల్ ఆదివారం సాయంత్రం వారానికొక ఎపిసోడ్ వేస్తానని ఒప్పుకుంది.

కథ సులువే. భూమిని సముద్రం మింగేస్తుంది. మిగిలిన జనం ఒక పెద్ద ఓడెక్కి, ఆకాశంలో ఇంకో భూమిని వెతుక్కుంటూ పోతుంటారు. దారిలో శత్రువులు, తోకచుక్కలు, ప్రేమలు, వెన్నుపోట్లు. భూమి మీద పుట్టినవాళ్ళలో ఓడలో మిగిలింది ఒక్క ముసలమ్మ. ఆ వేషం వదినది. వదినకు ఇంకా అరవై నిండలేదు. జుట్టుకు తెల్లరంగు పూసినందుకు ఆవిడ డైరెక్టరమ్మను ఇప్పటికీ క్షమించలేదు. నేను ఓడలో వంటమనిషిని.

మమ్మల్నే ఎందుకు పిలిచావని మొదటి రోజే అడిగాం.

"చిన్నప్పుడు మా నాయనమ్మ ఒళ్ళో కూర్చుని మీ ఉప్పెన కథ విన్నానండీ," అంది డైరెక్టరమ్మ. "ఏడుస్తూనే నవ్వాను. నా సీరియల్ అలా రావాలి."

"అలా అంటే ఎలా?" అంది వదిన. "ఏడవాలా, నవ్వాలా, ముందే తేల్చుకో తల్లీ. తర్వాత మమ్మల్ని అనొద్దు."

ఓడ గోడలన్నీ చేపలు సర్దే థర్మోకోల్ పెట్టెలు. వాటికి వెండి రంగు కొట్టారు. పెట్టెలు కనిపించకుండా పోయాయి గానీ రొయ్యల వాసన మాత్రం ఏ గ్రహానికి వెళ్ళినా మాతోనే ఉండేది. బొత్తాలు, పతకాలు, శత్రువుల కిరీటాలు అన్నీ బందరు రోల్డుగోల్డు. శత్రు రాణి నెత్తిన పెట్టుకున్నది పెళ్ళికూతురి వడ్డాణం. కెప్టెన్ వేషం వేసిన అబ్బాయి గుడివాడలో జిమ్ము నడుపుతాడు, మనిషి బంగారం, ఊపిరి బిగించి మాట్లాడతాడు. వదినను పెద్దత్తయ్యగారూ అనీ, నన్ను అత్తయ్యగారూ అనీ పిలిచేవాడు. మా ఆయన ఒకసారి సెట్ చూడ్డానికి వచ్చి, ఓడంతా తిరిగి, "మరి లంగరెక్కడ?" అని అడిగి వెళ్ళిపోయాడు.

డైలాగులు కాగితం మీద ఇచ్చేవారు. మేళంలో నాకు కాగితంతో పని పడలేదు. వదిన చదివేది, నేను చెవితో పట్టేదాన్ని. ఇక్కడా అలాగే చదివి పెట్టమంటే ఆవిడ ఒప్పుకోలేదు. "యాక్టరువయ్యావుగా. నీ కాగితం నువ్వే చదువుకో," అంది. దాంతో మనవలను ఎత్తుకునే వయసులో పెడన వెళ్ళి, రిటైరైన టీచరుగారి దగ్గర పలక పట్టాను. నేను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం "ఆక్సిజన్ అయిపోతోంది కెప్టెన్." నేను అది పూర్తి చేసేలోగా ఓడలో ఒక్కళ్ళూ మిగిలి ఉండరని టీచరుగారు అన్నారు.

చదువు వచ్చింది. అసలు చిక్కు వేరే చోట వచ్చింది.

మొదటి రోజు షూటింగులో కెప్టెన్ కిటికీ దగ్గర నిలబడి పెద్ద మాట మాట్లాడాలి. వెనకాల మేమందరం తలలు వంచుకుని వినాలి. తర్వాత డబ్బింగు చెప్పే స్తోమత లేదు కాబట్టి అక్కడ పలికిన మాటే టీవీలో వినిపిస్తుందని, ఎవరూ దగ్గను కూడా దగ్గొద్దని డైరెక్టరమ్మ ముందే చెప్పింది. కెప్టెన్ మొదలుపెట్టాడు.

"మనం వదిలి వచ్చింది మట్టిని కాదు." ఆగాడు.

"ఆఁ," అన్నాను.

డైరెక్టరమ్మ ఆపించింది. "పిన్నిగారూ, ఈ సీన్లో మీకు డైలాగ్ లేదండీ."

"తెలుసమ్మా. కాగితం చదివాను."

"మరి ఆఁ అన్నారు?"

"ఆయన ఆగాడు కదమ్మా."

మళ్ళీ తీశారు. "మనం వదిలి వచ్చింది మట్టిని కాదు." నేను పళ్ళు బిగబట్టాను. "మన ఊపిరిని."

"శభాష్," అన్నాను.

కెప్టెన్ నా వైపు తిరిగాడు. "అత్తయ్యగారూ, నాకు మూడ్ పోతోందండీ."

"నువ్వు ఆగకుండా చెప్పెయ్ బాబూ. నువ్వు ఆగితే నా నోరు ఆగదు."

"ఆగకపోతే అది గంభీరంగా ఉండదండీ."

మూల కుర్చీలో కూర్చున్న వదిన కల్పించుకుంది. "దాన్ననకండి. గంట కొడితే బడిపిల్లలు లేస్తారు చూడండి, అట్టాగ. నోట్లో ఏదన్నా కుక్కండి, పోద్ది."

ఉసిరికాయ కుక్కారు. అది మంత్రంలా పనిచేసింది. సీరియల్ మళ్ళీ ఎవరైనా చూస్తే గమనించండి. నా బుగ్గ ఒక పక్క ఉబ్బి ఉందంటే, కెప్టెన్ గంభీరంగా మాట్లాడబోతున్నాడని అర్థం.

సీరియల్ మొదలయ్యాక డైరెక్టరమ్మకు నిద్ర కరువైంది. ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో గోడ నిండా చీటీలు అంటించింది. నవ్వే సీనుకు పసుపు చీటీ, ఏడ్చే సీనుకు నీలం చీటీ. పసుపు ఎక్కువైన వారం నేను శత్రు సైనికులను అట్లకాడతో కొట్టి, వాళ్ళకే పులుసన్నం పెట్టి పంపాను. ఫోనుల్లో జనం రాసిన వ్యాఖ్యలు ఆవిడ మాకు చదివి వినిపించింది. ఇది అంతరిక్షమా, బందరు చేపల మార్కెట్టా అని ఒకరు రాశారు. ఆ కోపంలో తర్వాతి వారం మొత్తం నీలం చీటీలే పెట్టింది. ఓడలో సగం మందికి జబ్బు చేసింది, మిగతా సగం వాళ్ళను చూసి ఏడ్చింది. మా తాతగారి పెద్దకర్మలో ఇంతకంటే ఎక్కువ నవ్వాం అని ఇంకొకరు రాశారు. ఆ తర్వాత వారం సగం పసుపు, సగం నీలం. ప్రకటనల ముందు కామెడీ, ప్రకటనల తర్వాత కన్నీళ్ళు. మా ఆయన ప్రకటనలు రాగానే టీవీ కట్టేసి, ఇవాళ భలే నవ్వించారే అన్నాడు.

"మీరు ఎలా కలిపేవారండీ?" అని డైరెక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగింది.

"నేను కలపడమేంటి? నేను తిన్నగా చెప్పుకుపోయేదాన్ని. మధ్యలో ఇది పాడుచేసేది," అంది వదిన.

నేను నాకు తెలిసింది చెప్పాను. "ముక్కులు చీదే చప్పుడు వినపడగానే మాట్లాడేదాన్నమ్మా. దానికి ముందు మాట్లాడితే తిడతారు. తర్వాత మాట్లాడితే లేచిపోతారు."

"ఇక్కడ ముక్కులెక్కడున్నాయి పిన్నిగారూ? కెమెరా ఒక్కటే ఉంది."

అది నిజం. ఉసిరికాయ ఇంకో బుగ్గకు మార్చుకున్నాను.

ఓడ ఒక కొత్త గ్రహం మీద దిగే ఎపిసోడ్‌కు సముద్రం ఒడ్డున పాలకాయతిప్పకు తీసుకెళ్ళారు. ఇసుక తప్ప ఏమీ కనపడని చోట కెమెరా పెట్టారు. ఇది మనిషి అడుగు పడని నేల అని కెప్టెన్ అంటుండగా, హంసలదీవి గుడికి వచ్చిన యాత్రికులు కొందరు అటుగా నడిచి వచ్చారు. వాళ్ళలో ఒక పెద్దావిడ వెండి బట్టల కెప్టెన్‌ను చూసి, "బాబూ, కృష్ణ సముద్రంలో కలిసేది ఎటు?" అని అడిగింది. కెప్టెన్ బిగుసుకుపోయాడు. వదిన మాత్రం ముసలమ్మ వేషంలోనే చెయ్యెత్తి, "అటెళ్ళు తల్లీ. పీతలుంటాయి, చూసి నడువు," అని చెప్పింది. డైరెక్టరమ్మ దాన్ని అలాగే ఉంచేసింది. ఆ వారం ఎవరూ తిట్టలేదు.

ఆ మధ్యాహ్నమే, భోజనాలయ్యాక, వదిన నన్ను పక్కకు పిలిచి ఇసుకలో కూర్చోబెట్టింది.

"డైరెక్టరమ్మ నన్ను చంపేస్తోందే," అంది.

"ఎప్పుడు?"

"వచ్చే వారం. ఓడ కొత్త భూమి చేరే ముందర. రెండు పేజీలు మాట్లాడి పోతాను."

"రెండు పేజీలేనా? మామిడికాయల బేరానికే నువ్వు అంతకంటే ఎక్కువ మాట్లాడతావు."

వదిన నవ్వలేదు. సముద్రం వైపు చూస్తూ మాట్లాడింది. "నా కథల్లో ఎంతమంది చచ్చారు? రాజులు చచ్చారు, తల్లులు చచ్చారు. ఒక్కళ్ళనన్నా తిన్నగా చావనిచ్చావా నువ్వు? ఈ ఒక్క చావు నాకొదిలెయ్యి. ఒక్కసారి జనం నవ్వకుండా వినాలే. అంతే."

ఆవిడ ఏ చావు గురించి అంటోందో నాకు తెలుసు. వదినది నాగాయలంక అవతలి ఊరు. ఉప్పెన వచ్చినప్పుడు చిన్నపిల్ల. వాళ్ళమ్మ తన చీరతో పిల్లను ఈతచెట్టుకు కట్టి, తను నీళ్ళలో వెళ్ళిపోయింది. మిగిలిన పిల్లను మా మావయ్యవాళ్ళు తెచ్చి పెంచుకున్నారు. పెద్దయ్యాక చిన్నమావయ్య ఉప్పెన కథ కట్టి, ఆ ఘట్టం అందులో పెట్టాడు. చెట్టుకు కట్టిన పిల్ల తానేనని వదిన ఏ ఊళ్ళోనూ చెప్పలేదు. ఎవరో తల్లి, ఎవరో పిల్ల అన్నట్టే పాడేది. పందిట్లో ముక్కులన్నీ ఒక్కసారి మోగేవి. సరిగ్గా అప్పుడు నేను డక్కీ మీద ఒక దెబ్బ వేసి అడగాలి: "ఈతచెట్టంటున్నావు, దానికి కల్లుముంత ఉందా లేదా?" జనం కళ్ళు తుడుచుకుంటూనే విరగబడి నవ్వేవారు. వదిన నన్ను ఛీ కొట్టి, తంబురా సవరించుకుని, తర్వాతి చరణం ఎత్తుకునేది. ప్రతి ఊళ్ళోనూ అంతే.

ఇప్పుడు డైరెక్టరమ్మ రాసిన రెండు పేజీల్లోనూ అదే ఉంది. ముసలమ్మ చనిపోతూ, భూమి మునిగిన రోజు తనను తల్లి చెట్టుకు కట్టిన సంగతి చెబుతుంది. మా కథలోదే తీసుకుంది. అది ఎవరి కథో ఆవిడకూ తెలియదు.

నేను వదినకు మాట ఇచ్చాను. ఆ ఎపిసోడ్‌కు డైరెక్టరమ్మ ఒక్క పసుపు చీటీ కూడా అంటించలేదు.

అలా ఆ రోజు వచ్చింది. పొద్దున ఫోనులో నోరు మూసుకోమన్నాక నేను మా ఆయనతో కూడా మాట్లాడలేదు. ఆయన చాలా సంతోషించాడు. ఐసు ఫ్యాక్టరీ లోపల చేపల పెట్టెలతో మంచం చేసి, దాని మీద పెడన కలంకారీ దుప్పటి పరిచారు. వదిన పడుకుంది. నేను ఖాళీ గంజి గిన్నె పట్టుకుని ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడ్డాను, బుగ్గలో మంచి ముదురు ఉసిరికాయతో. కెప్టెన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఫ్యాన్లు ఆపేశారు. చెమటలు కారుతున్నాయి.

"నేను పుట్టిన ఊళ్ళో వాన నిలువుగా పడేది కాదు," అంది వదిన. ఆగింది.

నేను ఉసిరికాయ కొరికాను. నోట్లోంచి ఏ శబ్దమూ రాలేదు. నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

వదిన ఇంకా ఆగే ఉంది. డైరెక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆహా ఏం ఆగుతోంది అనుకుందట. కాసేపటికి వదిన, "మా అమ్మ నన్ను," అంది. మళ్ళీ ఆగింది. ఈసారి ఇంక రాలేదు.

కెప్టెన్ మెల్లగా మాట అందించాడు. "చెట్టుకు కట్టింది, పెద్దత్తయ్యగారూ."

"తెలుసయ్యా అల్లుడూ. నాకు నోటికొచ్చు."

మళ్ళీ తీశారు. మళ్ళీ అక్కడే. మా అమ్మ నన్ను, అని ఆగిపోయింది. రాత్రంతా కథ చెప్పి ఒక్క పదం తప్పని మనిషి. మూడోసారీ అంతే. డైరెక్టరమ్మ దగ్గరకు వచ్చి కూర్చుంది.

"రేపు చేద్దామా పెద్దమ్మగారూ?"

"రేపటికి నిజంగా పోతే ఎవరితో చేస్తావు?" అంది వదిన. తర్వాత నా మీదకు తిరిగింది. "నువ్వేంటే, గుడ్లప్పగించి చూస్తావు?"

నేను బుగ్గ చూపించాను.

నాలుగోసారి మొదలైంది. వాన సంగతి చెప్పి ఆగింది. అప్పుడు నా కళ్ళు దుప్పటి మీద ఉన్న ఆవిడ కుడిచేతి మీద పడ్డాయి. కథ చెప్పేవాళ్ళు ఆ చేతి బొటనవేలికి అందె తొడుక్కుని తాళం వేస్తారు. అందె లేదు గానీ ఆ వేలు పైకి లేచి అలాగే నిలబడి ఉంది. వంత కోసం లేచిన వేలు. డక్కీ పడితే గానీ దిగదు. ఆవిడ ఊపిరి తీసుకునేది ఇన్నేళ్ళూ నేను అరిచే ఆ కాస్త జాగాలోనే. ఇప్పుడా జాగాలో నేను ఉసిరికాయ నములుతున్నాను.

ఇచ్చిన మాట గుర్తుంది. అయినా గంజి గిన్నెలోకి ఉసిరికాయ ఉమ్మేశాను. అది ఠంగున మోగింది.

"ఆఁ," అన్నాను.

వేలు దిగింది. "మా అమ్మ నన్ను చెట్టుకు కట్టింది," అంది వదిన.

"ఆఁ."

"తన చీరతోనే కట్టింది."

"తర్వాత?"

ఆ తర్వాత ఆవిడ ఆగలేదు. నేను ఆఁ అంటున్నాను, ఆవిడ చెబుతోంది. డైరెక్టరమ్మ చెయ్యి పైకెత్తింది గానీ ఆపించలేదు. తల్లి చేతులు వదిలేసి నీళ్ళలో వెళ్ళిపోయింది. డక్కీ పడి, నేను కల్లు సంగతి అడగాల్సిన చోటు వచ్చింది. నేను అడగలేదు. ఆఁ అన్నాను సరే, మాట మీద అంతవరకైనా నిలబడదామనుకున్నాను. పెదవులు లోపలికి మడిచి బిగించాను.

చనిపోతున్న వదిన ఒక కన్ను తెరిచింది.

"అడగవేమే?" అంది.

"వద్దన్నావుగా."

"అడుగు."

కెమెరా తిరుగుతూనే ఉంది. అడిగాను. "ఈతచెట్టంటున్నావు, దానికి కల్లుముంత ఉందా లేదా?"

వదిన ఛీ అనలేదు.

"ఉంది," అంది. "నా మొహం పక్కనే ఉంది. తెల్లారేదాకా దాని మెడ పట్టుకునే ఉన్నాను. కల్లే లేదు. సముద్రం తాగేసింది. అందుకే ఆ రాత్రి అది అట్టా తూలింది."

లైటు పట్టుకున్నతను కిసుక్కున నవ్వి, వెంటనే చేత్తో నోరు మూసుకున్నాడు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు. కెప్టెన్ భుజాలు కదులుతున్నాయి. నవ్వో, ఏడుపో తెలియలేదు. కాగితంలో ఇంకా పేజీన్నర ఉంది. వదిన అది వదిలేసి కళ్ళు మూసుకుని చచ్చిపోయింది. అప్పుడు వినపడింది నాకు, మేళం ఆగిపోయాక మళ్ళీ వినని చప్పుడు. డైరెక్టరమ్మ చున్నీతో ముక్కు చీదుకుంటోంది.

ఎవరూ కట్ చెప్పలేదు. ఉక్కపోత భరించలేక చివరకు శవమే లేచి కూర్చుంది.

"ఫ్యాన్ వెయ్యండయ్యా," అని, నా వైపు చూసి, "నోరు తెరవొద్దన్నానా లేదా?" అంది.

"నువ్వే కదా అడగమన్నావు."

"చచ్చేదాన్ని, ఏదో అంటాను. నువ్వు వినెయ్యడమేనా?"

ఆ ఎపిసోడ్‌కు ఏ రంగు చీటీ అంటించాలో డైరెక్టరమ్మకు తోచలేదు. గోడ మీద ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. మాకు మాత్రం ఆటో పిలిపించి ఎక్కించింది. వదిన తల మీద తెల్లరంగు చెమటకు కారి, చెవుల మీదుగా చారలు కట్టింది. ఆటో బందరు ఊరు దాటింది.

"వదినా, ముంత నిజంగా ఉందా?" అని అడిగాను.

"ఇన్నేళ్ళు అడిగావు," అంది వదిన రోడ్డు వైపు చూస్తూ. "జనం నవ్వగానే డక్కీ కొట్టేసేదానివి. జవాబు కోసం ఒక్క పూటన్నా ఆగావా?"

నేను ఏదో అనబోయాను.

"ఇప్పుడొద్దులే. మూసుకో," అంది.

పెడన వచ్చేదాకా మూసుకునే కూర్చున్నాను. ఆ తర్వాత నావల్ల కాలేదు.

"తెల్లారాక నిన్ను చెట్టు మీంచి ఎవరు దింపారు వదినా?" అని అడిగి, ఈసారి ఆగాను.